మూడడుగుల తాళం

కోనసీమ కొబ్బరితోటల్లో పెరిగిన పిల్లలకు దూకడం ఎవరూ నేర్పనక్కర్లేదు. చెట్ల వరసల మధ్య బోదె ఉంటుంది, బోదెలో నీళ్లుంటాయి, అవతలి గట్టు మీద రాలిన కాయ ఉంటుంది. కొత్తపేట వైపైనా రాజోలు వైపైనా ఎనిమిదేళ్ల కుర్రాడు నాలుగడుగులు పరుగెత్తి, ఒంటికాలి మీద లేచి, రెండు మోకాళ్లూ పొట్టకేసి ముడిచి అవతలి గట్టు మీద కూలబడతాడు. వాడే హైస్కూలుకొచ్చాక, ఆటస్థలంలో వరసగా నిలబెట్టిన హర్డిల్స్ మీదికీ అదే దూకుడుతో వెళ్తాడు. మొదటిదాన్ని దర్జాగా దాటతాడు. రెండోదాని ముందు అడుగులు తడబడతాయి. మూడోదాని దగ్గర ఆగిపోతాడు.

వాడిలో బలం లేక కాదు. బోదె దూకేవాడికి అవతలి గట్టు చేరడంతో పని అయిపోతుంది. హర్డిల్స్ పరుగులో మాత్రం అసలు పని అక్కడే మొదలవుతుంది. కాలు నేలకు తగిలిన క్షణంలోనే మళ్లీ పరుగు అందుకోవాలి, మూడే అడుగులు వేయాలి, నాలుగో అడుగు మళ్లీ హర్డిల్ మీదుగా పోవాలి. హర్డిల్స్ దూకే ఆట కాదు, పరుగు పందెం. ఈ సంగతి ఒంటికి పట్టించుకుని, ఆ తర్వాత ముప్పై అయిదేళ్లపాటు ఇతరులకు నేర్పుతూ గడిపిన మనిషి హ్యారీ హిల్‌మన్.

1881 సెప్టెంబరు 8న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. బ్యాంకులో గుమాస్తా. పని వేళలు అయ్యాక న్యూయార్క్ అథ్లెటిక్ క్లబ్ తరఫున పరుగులు తీసేవాడు. 1904లో సెయింట్ లూయిస్ నగరంలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుంటే దానికి తోకగా ఒలింపిక్స్ కూడా పెట్టారు. ఐరోపా నుంచి అంత దూరం ప్రయాణం చేసి వచ్చినవాళ్లు చాలా తక్కువ. ఆగస్టు 29న హిల్‌మన్ 400 మీటర్ల పరుగును 49.2 సెకన్లలో గెలిచాడు. ఆ పందెంలో హీట్లు లేవు, ఎవరి వరస వారికి లేదు. అందరినీ ఒకేసారి వదిలేశారు. ఆగస్టు 31న 400 మీటర్ల హర్డిల్స్ గెలిచాడు. ఆ మర్నాడు 200 మీటర్ల హర్డిల్స్. నాలుగు రోజుల్లో మూడు బంగారు పతకాలు. అప్పటికి అతడికి ఇరవై మూడేళ్లు నిండడానికి ఇంకా వారం ఉంది. ఆ రెండు హర్డిల్స్ పందేల్లోనూ మూడో స్థానంలో వచ్చిన జార్జ్ పోగ్, ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి నల్లజాతి అమెరికన్.

హిల్‌మన్ 400 మీటర్ల హర్డిల్స్ సమయం 53.0 సెకన్లు. అది ప్రపంచ రికార్డుగా నమోదు కాలేదు. అతడు దారిలో ఒక హర్డిల్‌ను పడగొట్టాడు. పైగా ఆ రోజు నిర్వాహకులు పెట్టిన హర్డిల్స్ ఎత్తు ఉండాల్సిన 91.4 సెంటీమీటర్లు కాదు, 76.2 సెంటీమీటర్లే. ఈ రెండో అంకె దగ్గర కాస్త ఆగాలి. ఇప్పుడు మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌కు పెట్టే ఎత్తు సరిగ్గా 76.2 సెంటీమీటర్లు. అంటే నూట ఇరవై ఏళ్ల తేడాతో జరిగిన రెండు పందేలను దాదాపు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో సిడ్నీ మెక్‌లాఫ్లిన్-లెవ్రోన్ అదే ఎత్తును, అదే దూరాన్ని 50.37 సెకన్లలో ముగించింది. 1904 నాటి అత్యుత్తమ పురుషుడికంటే 2.63 సెకన్లు ముందు. బొగ్గునుసి పరిచిన ట్రాక్ పోయి సింథటిక్ ట్రాక్ వచ్చింది, బూట్లు మారాయి, తిండి మారింది. వాటన్నిటితో పాటు, హర్డిల్‌ను ఎలా దాటాలన్న అవగాహన కూడా మారింది.

ఆ అవగాహన ఒక్కరోజులో రాలేదు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో గొర్రెల దొడ్లకు కట్టే తడికెలనే నేలలో పాతి పందేలు పెట్టేవారు. తగిలితే పడేది తడికె కాదు, మనిషి. అందుకే ప్రతివాడూ వీలైనంత ఎత్తుగా ఎగిరి, కాళ్లు ముడిచి దాటేవాడు. 1886 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి ఆర్థర్ క్రూమ్ ముందుకాలిని ముడవకుండా చాచి దాటడం మొదలుపెట్టాడు. దానికి పూర్తి రూపం ఇచ్చింది ఆల్విన్ క్రెంజ్‌లైన్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో దంతవైద్యం చదివిన ఈ అమెరికన్ 1898లో 120 గజాల హర్డిల్స్‌ను 15.2 సెకన్లలో పరుగెత్తాడు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో 60 మీటర్లు, 110 మీటర్ల హర్డిల్స్, 200 మీటర్ల హర్డిల్స్, లాంగ్‌జంప్ నాలుగూ గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో నాలుగు వ్యక్తిగత అథ్లెటిక్స్ బంగారు పతకాలు సాధించినవాడు ఇప్పటికీ అతడొక్కడే.

ఆ 200 మీటర్ల హర్డిల్స్‌లో క్రెంజ్‌లైన్ వెనకే రెండో స్థానంలో వచ్చినవాడు కలకత్తాలో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్. భారతదేశం పేరుతో ముడిపడిన మొదటి ఒలింపిక్ పతకాలు అతడివే: ఆ హర్డిల్స్‌లో ఒకటి, 200 మీటర్ల పరుగులో ఒకటి, రెండూ వెండివే. వాటిని భారతదేశానికి చెందినవిగా లెక్కించాలా బ్రిటన్‌కా అన్న వాదన చరిత్రకారుల మధ్య సాగుతూనే ఉంది. ప్రిచర్డ్ తర్వాత నార్మన్ ట్రెవర్ అన్న పేరుతో హాలీవుడ్ మూకీ చిత్రాల్లో నటించాడు. మన దేశపు ఒలింపిక్ కథ హర్డిల్స్ ట్రాక్ మీద మొదలైందన్న సంగతి బడిపిల్లలకు ఎక్కడైనా చెబుతున్నారా?

క్రెంజ్‌లైన్ కూడా పరుగులు మానేసి శిక్షకుడయ్యాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1916 ఒలింపిక్స్ బెర్లిన్‌లో జరగాల్సి ఉండగా, తమ జట్టును తయారు చేయమని జర్మనీ అతడితో అయిదేళ్లకు 50,000 డాలర్ల ఒప్పందం చేసుకుంది. 1914లో యుద్ధం వచ్చింది. ఆ ఒలింపిక్స్ జరగనే లేదు.

క్రెంజ్‌లైన్ పద్ధతిలో ఉన్న కిటుకు భౌతికశాస్త్రం చెబుతుంది. సుమారు 180 సెంటీమీటర్ల మనిషి నిటారుగా నిలబడితే అతడి గురుత్వకేంద్రం నేలకు దాదాపు మీటరు ఎత్తున, బొడ్డుకు కాస్త దిగువన ఉంటుంది. పురుషుల 110 మీటర్ల పందెంలో హర్డిల్ ఎత్తు 106.7 సెంటీమీటర్లు. కాలు నేలను వదిలాక గురుత్వకేంద్రం గాలిలో గీసే దారి ఒక పరావలయం. ఆ దారి నేలను వదిలిన క్షణంలోనే ఖాయమైపోతుంది. ఆ తర్వాత చేతులు ఊపినా, కాళ్లు ఆడించినా దాన్ని మార్చడం ఎవరి వల్లా కాదు. మార్చగలిగింది ఒక్కటే, ఆ కేంద్రం చుట్టూ అవయవాల అమరిక. మొండెం ముందుకు వంగితే, దానికి బదులుగా కాళ్లు పైకి లేస్తాయి. చాచిన ముందుకాలు హర్డిల్ మీదుగా సన్నగా జారిపోతుంది. వెనకకాలు మోకాలి దగ్గర మడిచి, పక్కకు పరిచి, చంక కిందికి లాగినట్టు ముందుకు వస్తుంది. గురుత్వకేంద్రం పెద్దగా లేవకుండానే ఒళ్లంతా కర్రను దాటేస్తుంది.

దీనివల్ల మిగిలేదెంతో లెక్క వేయొచ్చు. గురుత్వకేంద్రాన్ని 40 సెంటీమీటర్లు పైకెత్తి మళ్లీ అదే ఎత్తుకు దిగాలంటే గాలిలో దాదాపు 0.57 సెకను ఉండాలి. 10 సెంటీమీటర్లే ఎత్తితే 0.29 సెకను చాలు. పది హర్డిల్స్ మీద తేడా రెండున్నర సెకన్లు దాటుతుంది. ఆ కాలమంతా నష్టమని కాదు, గాలిలో ఉన్నా శరీరం ముందుకు పోతూనే ఉంటుంది. కాని కాలికి నేల అందనంతసేపూ వేగం పెంచే మార్గం లేదు. పైకి లేవడానికి వాడిన బలం ముందుకు పోవడానికి వాడవలసిన బలంలోంచి తెగుతుంది. ఎంత ఎత్తు నుంచి దిగితే, నేలను తాకినప్పుడు అంత గట్టిగా కాలు ఆనుకుని పరుగుకు అడ్డు పడుతుంది. బోదె దూకే కుర్రాడు రెండో హర్డిల్ ముందు తడబడేది ఇందుకే: మొదటిదాన్ని దాటడంలోనే వాడి వేగంలో ఓ వంతు పోయింది, ఇక మూడడుగుల్లో రెండోదాన్ని అందుకోలేడు.

ఆ మూడడుగుల లెక్కకూ ఒక చరిత్ర ఉంది. 110 మీటర్ల పందెంలో మొదటి హర్డిల్‌కు 13.72 మీటర్లు, హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య 9.14 మీటర్లు, చివర 14.02 మీటర్లు. ఇలాంటి వంకర అంకెలు ఎందుకు పెట్టారా అనిపిస్తుంది. అసలు కొలత గజాల్లో ఉండేది: 15 గజాలు, తర్వాత పదేసి గజాల చొప్పున తొమ్మిది ఖాళీలు, చివర మళ్లీ 15 గజాలు, మొత్తం 120. మీటర్లలోకి మార్చినప్పుడు మధ్య దూరాలు కదపకుండా, 110కి తగ్గిన పావు మీటరును గీత దగ్గర కలిపేశారు. కదపకపోవడానికి కారణం ఉంది. ఆ పది గజాల్లోనే మూడడుగుల తాళం ఉంది. మంచి పరుగుగాడు హర్డిల్‌కు సుమారు రెండు మీటర్ల ముందే నేలను వదిలి, అవతల మీటరుంపావు దూరంలో దిగుతాడు. మిగిలేది అయిదున్నర, ఆరు మీటర్ల మధ్య. దాన్ని మూడడుగులకు పంచితే అడుగుకు రెండు మీటర్ల లోపే. హర్డిల్స్ లేకుండా వంద మీటర్లు పరుగెత్తే మేటి పురుషుడు పూర్తి వేగంలో రెండు మీటర్లకు పైగా అంగ వేస్తాడు. అంటే హర్డిల్స్ పరుగుగాడు వేగం తగ్గకుండా అడుగు కురచ చేయాలి, అందుకు కాళ్లను ఇంకా చురుగ్గా తిప్పాలి. పొడుగ్గా ఉండటం హర్డిల్ పైన లాభం, మధ్యలో ఇబ్బంది.

హిల్‌మన్ దగ్గరికి మళ్లీ వద్దాం. 1906లో పోటీల కోసం ఏథెన్స్‌కు ఓడలో వెళ్తుండగా పెద్ద అల ఒకటి డెక్కు మీదికి కొట్టి అతడి మోకాలు దెబ్బతింది. అక్కడ 400 మీటర్లలో అయిదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌లో ఛార్లెస్ బేకన్, హిల్‌మన్ చివరి హర్డిల్ దాకా దాదాపు సమానంగా వచ్చారు. బేకన్ 55.0 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచాడు. హిల్‌మన్ సమయం 55.3. ఈసారి హర్డిల్ ఎత్తు పూర్తిగా 91.4 సెంటీమీటర్లే. నిజానికి హిల్‌మన్ ఎంతటి పరుగుగాడో చెప్పేది 1904 నాటి బంగారాలకంటే ఈ వెండి పతకమేననాలి.

అతడి మరో రికార్డు వింటే నమ్మబుద్ధి కాదు. 1909 ఏప్రిల్ 24న బ్రూక్లిన్‌లో లాసన్ రాబర్ట్‌సన్‌తో కలిసి మూడుకాళ్ల పందెంలో, అంటే ఒకరి ఎడమకాలూ మరొకరి కుడికాలూ కలిపి కట్టుకుని, 100 గజాలు 11.0 సెకన్లలో పరుగెత్తాడు. మన బడుల్లో వార్షికోత్సవానికి నవ్వుల కోసం పెట్టే పందెమే అది. ఆ సమయాన్ని మించినవాళ్లు వందేళ్లు దాటినా రాలేదు. ఇద్దరు మనుషులు అంగ పొడవు, కాలు లేచే క్షణం, చేతి ఊపు అన్నీ కలుపుకుంటే తప్ప ఆ వేగం రాదు. విచిత్రంగా ఆ ఇద్దరూ తర్వాత పేరుమోసిన శిక్షకులయ్యారు. రాబర్ట్‌సన్ అమెరికా ఒలింపిక్ అథ్లెటిక్స్ జట్టుకే ప్రధాన శిక్షకుడయ్యాడు. మరో మనిషి అడుగును తన కాలిలో పట్టుకోగల నేర్పు శిక్షకుడికి కావలసిన నేర్పుకు చాలా దగ్గరిది.

1910లో హిల్‌మన్ న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని హానోవర్ అనే చిన్న ఊరికి, డార్ట్‌మత్ కాలేజీ శిక్షకుడిగా వెళ్లాడు. నెలల తరబడి మంచు కప్పేసే ఊరు. 1945 ఆగస్టులో చనిపోయేదాకా ఆ ఉద్యోగంలోనే ఉన్నాడు. మధ్యలో 1924, 1928, 1932 ఒలింపిక్స్‌కు అమెరికా జట్టు సహాయ శిక్షకుల్లో ఒకడిగా పనిచేశాడు.

అతడు చెప్పినవన్నీ సరైనవని కాదు. హర్డిల్స్ పరుగుగాళ్లు పచ్చి గుడ్లు మింగాలని, అది దమ్ముకూ పొట్టకూ చాలా మంచిదని చెప్పేవాడు. ఆ కాలంలో అది చాలామంది నమ్మిన మాటే, ఇప్పటికీ మన వ్యాయామశాలల్లో వినిపిస్తుంది. 1998లో బెల్జియం పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. ఉడికించిన గుడ్డులోని మాంసకృత్తుల్లో దాదాపు 91 శాతం చిన్నపేగులో జీర్ణమైతే, పచ్చి గుడ్డులోవి 51 శాతమే జీర్ణమయ్యాయి. వేడికి మాంసకృత్తుల మడతలు విప్పుకుంటాయి కాబట్టి జీర్ణరసాలు వాటిని సులువుగా అందుకుంటాయి. పైగా పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా భయం ఒకటి. అథ్లెట్ పిల్లలకు గుడ్డు పెట్టే తల్లిదండ్రులు ఉడికించే పెట్టాలి.

హిల్‌మన్ శిష్యుల్లో ముఖ్యుడు ఎర్ల్ థామ్సన్. కెనడాలోని సస్కాచువాన్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగి, మొదటి ప్రపంచయుద్ధంలో వైమానిక దళంలో పనిచేసి, డార్ట్‌మత్‌లో చేరాడు. బాగా పొడగరి. ఇందాక చెప్పిన ఇబ్బంది, పొడుగుకాళ్లను పది గజాల్లో ఇరికించడం, అతడికి మరీ ఎక్కువ. 1920లో థామ్సన్ 120 గజాల హర్డిల్స్‌ను 14.4 సెకన్లలో పూర్తిచేశాడు. క్రెంజ్‌లైన్ 15.2 నుంచి 14.4కు చేరడానికి ఇరవై రెండేళ్లు పట్టిందన్నమాట. అదే ఏడాది ఆంట్‌వర్ప్ ఒలింపిక్స్‌లో కెనడా తరఫున 110 మీటర్ల హర్డిల్స్‌ను 14.8 సెకన్లలో గెలిచాడు. తర్వాత అతడూ శిక్షకుడై, 1927 నుంచి 1963 దాకా అమెరికా నౌకాదళ అకాడమీలో నేర్పాడు. హిల్‌మన్, థామ్సన్ ఇద్దరి కొలువూ కలిపితే అర్ధశతాబ్దం దాటుతుంది. హర్డిల్స్ విద్య పుస్తకాల్లో కంటే ఇలా మనిషి నుంచి మనిషికి అందుతూ పెరిగింది.

పద్ధతి మారడానికి పరికరం కూడా కారణమే. తిరగేసిన టీ అక్షరం ఆకారంలో ఉండే పాత హర్డిల్స్ బరువైనవి; కాలు తగిలితే మనిషి తూలేవాడు. పైగా అప్పట్లో ఒక్క హర్డిల్ పడినా రికార్డు చెల్లేది కాదు, మూడు పడితే పరుగే చెల్లేది కాదు. భయపడేవాడు ఎత్తుగా ఎగురుతాడు, ఎత్తుగా ఎగిరేవాడు నెమ్మదిస్తాడు. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఐర్లండ్ పరుగుగాడు బాబ్ టిస్డాల్ 400 మీటర్ల హర్డిల్స్‌ను 51.7 సెకన్లలో గెలిచాడు. కాని చివరి హర్డిల్‌ను పడగొట్టాడు కాబట్టి, బంగారు పతకం అతడికీ, ప్రపంచ రికార్డు వెనక వచ్చిన గ్లెన్ హార్డిన్‌కూ దక్కాయి.

1930ల నడుమ ఎల్ ఆకారపు హర్డిల్ వచ్చింది. దాని పాదాలు పరుగుగాడు వచ్చే వైపుకే చాచి ఉంటాయి. అందుకని కాలు తగిలితే ముందుకు సులువుగా ఒరుగుతుంది. పైకర్రను 3.6 నుంచి 4 కిలోల బరువుకు సమానమైన బలంతో నెడితే పడిపోయేలా ఇప్పటి నిబంధన ఉంది. కావాలని పడగొట్టనంతవరకు తప్పు కాదు. ఈ చిన్న మార్పు కాళ్లకంటే ముందు మనసులో భయాన్ని తీసేసింది. కర్రకు వెంట్రుకవాసి పైనుంచి పోవచ్చని తెలిశాకే పరుగుగాళ్లు దూకడం పూర్తిగా మానుకున్నారు.

థామ్సన్ గెలిచిన ఆంట్‌వర్ప్‌కే దొరాబ్జీ టాటా చొరవతో భారతదేశం తొలిసారి ఒక జట్టును పంపింది. అందులో హర్డిల్స్ ఆటగాడు లేడు. 1924 పారిస్‌లో ఉన్నాడు: సి.కె. లక్ష్మణన్, 110 మీటర్ల హర్డిల్స్. కన్ననూరు వైపు మనిషి. అతడు శిక్షకుడు కాలేదు. సైన్యంలో వైద్యుడై, స్వతంత్ర భారతంలో కేంద్ర ఆరోగ్యసేవల డైరెక్టర్ జనరల్ స్థాయికి ఎదిగాడు. ఆ జట్టుతో పారిస్ వెళ్లిన హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామవిద్యా కళాశాల స్థాపించాడు. వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకు దేశంలో అది తొలి కళాశాల. కోనసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కవాతు చేయించడమే డ్రిల్లు మాస్టారి పని అనుకునే రోజుల్లో, శరీరం ఎలా పనిచేస్తుందో తెలిసిన ఉపాధ్యాయుడు బడికి కావాలన్న ఆలోచన అక్కడి నుంచి వ్యాపించింది.

వ్యాయామ ఉపాధ్యాయుడి విలువేమిటో అమలాపురానికి వేరే చెప్పనక్కర్లేదు. బ్యాడ్మింటన్‌లో భారత జట్టుతో 2022 థామస్ కప్, డబుల్స్‌లో 2023 ఆసియా క్రీడల బంగారం గెలిచిన సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి ఈ ఊరివాడు. తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. రాకెట్ పట్టడం పిల్లవాడు ఇంట్లోనే చూశాడు. బ్యాడ్మింటన్‌కు జరిగినది హర్డిల్స్‌కు ఇక్కడ ఇంకా జరగలేదు. అందుకు ఖరీదైన ట్రాక్ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పన్నెండేళ్ల పిల్లల ముందు పెద్దవాళ్ల ఎత్తు, పెద్దవాళ్ల దూరం పెట్టి దాటమనడం అంతకంటే పెద్ద కారణం. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్యే 18 ఏళ్ల లోపు అబ్బాయిలకు 91.4, అమ్మాయిలకు 76.2 సెంటీమీటర్లకు ఎత్తు తగ్గించింది. అంతకంటే చిన్నవాళ్లకు మోకాలి ఎత్తున వెదురుబద్ద చాలు. దూరం పిల్లవాడి అంగను బట్టి పెట్టాలి గాని, దూరాన్ని బట్టి పిల్లవాడిని సాగదీయకూడదు.

ఈ కొలతకు కోనసీమలో ఖర్చు లేని సాధనం ఒకటుంది. గోదావరి లంకల్లోనో అంతర్వేది ఒడ్డునో తడి ఇసుక మీద ఒక బద్ద పెట్టి పిల్లల్ని పరుగెత్తించి, పాదముద్రలు టేపుతో కొలవాలి. బద్దకు ముందున్న ముద్ర, అవతల పడిన మొదటి ముద్ర, ఈ రెండూ అంతా చెబుతాయి. నేలను వదిలిన దూరం ఎక్కువగా, దిగిన దూరం తక్కువగా ఉంటే పిల్లవాడు పరుగెత్తుతున్నాడు. రెండూ సమానంగా ఉన్నా, దిగిన దూరమే ఎక్కువున్నా దూకుతున్నాడు. మడమ లోతుగా దిగబడితే వేగం అక్కడే పోతోందని అర్థం. ఆ కొలతలు రాసుకుని, తర్వాతి మూడడుగులు ఎక్కడ పడుతున్నాయో చూసి, రెండో బద్దను అక్కడికి జరపాలి. పిల్లల పుస్తకంలో భౌతికశాస్త్ర ప్రయోగంగా పెట్టదగిన పని ఇది.

భారతీయ హర్డిల్స్‌లో నూరోవంతుల కథలు చాలా ఉన్నాయి. 1984 లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించి, 0.01 సెకను తేడాతో కంచు పతకాన్ని పోగొట్టుకుంది. తెలుగునాట ఆ కథ ఇప్పుడు విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీది.

1999లో పుట్టింది. తండ్రి సెక్యూరిటీ గార్డు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పొడుగును గమనించి హర్డిల్స్ వైపు నడిపించాడు. తర్వాత హైదరాబాద్‌లో నాగపురి రమేష్ దగ్గర, ఆపైన భువనేశ్వర్‌లో బ్రిటిష్ శిక్షకుడు జేమ్స్ హిలియర్ దగ్గర నేర్చుకుంది. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో ఎత్తు 83.8 సెంటీమీటర్లు, మధ్య దూరం 8.5 మీటర్లు. సగటు ఎత్తున్న మహిళకు సైతం గురుత్వకేంద్రం నిలబడి ఉండగానే ఆ కర్రకంటే పైన ఉంటుంది. కాబట్టి ఇక్కడ పందెం దాదాపు పూర్తిగా అడుగుల చురుకుదనానిదే.

2020 జనవరిలో మూడబిదిరిలో జ్యోతి 13.03 సెకన్లలో పరుగెత్తింది. అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన జాతీయ రికార్డు 13.38ని అది సునాయాసంగా దాటింది. కాని ఆ పోటీల్లో ఉత్ప్రేరకాల పరీక్ష జరగలేదు కాబట్టి రికార్డు చెల్లలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. ఆ రోజు వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు వీచింది. అనుమతించే హద్దు 2.0. మళ్లీ చెల్లలేదు. అదే ఏడాది మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు చివరకు ఆమె పేర నమోదైంది. అక్టోబరులో 12.82, భారత మహిళల్లో 13 సెకన్ల లోపు చెల్లుబాటైన తొలి సమయం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్‌లో చైనా క్రీడాకారిణి వూ యన్నీ తుపాకి మోతకంటే ముందే కదిలిందని, పరుగు అయ్యాక ఆమెను పోటీ నుంచి తప్పించడంతో జ్యోతికి 12.91తో వెండి పతకం దక్కింది.

పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సమయం 12.77. జ్యోతి 2023 ఆగస్టులో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 పరుగెత్తింది. 2024 మేలో ఫిన్లండ్‌లో మళ్లీ సరిగ్గా 12.78. సెకనుకు సగటున 7.8 మీటర్ల వేగంలో 0.01 సెకను అంటే సుమారు 8 సెంటీమీటర్లు, నాలుగు వేళ్ల వెడల్పు. చివరకు ప్రపంచ ర్యాంకు ఆధారంగా అర్హత పొంది, ఒలింపిక్స్‌లో ఈ పందెం పరుగెత్తిన తొలి భారతీయురాలైంది. అక్కడ హీట్‌లో 13.16, రెండో అవకాశంగా పెట్టిన పరుగులో 13.17.

2025 మే చివర్లో దక్షిణ కొరియాలోని గుమిలో ఆమె ఆసియా టైటిల్‌ను 12.96తో నిలబెట్టుకుంది. 2023లో బ్యాంకాక్‌లో అదే టైటిల్ గెలిచినప్పుడు 13.09. తేడా 0.13 సెకను; పది హర్డిల్స్‌కు పంచితే ఒక్కోదానికి నూరోవంతు సెకనుకు కాస్త ఎక్కువ.